ఫారిన్ భక్తుడు

ఆ పుస్తకం కోర్టుకెక్కిందని క్లాసులో చెప్పేటప్పుడు నా గొంతే మారిపోతుంది. మదనపల్లెలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పుకునే ఉషారాణి ఎక్కడికో పోతుంది. ఆమె చీర కట్టుకుని వేరే ఎవరో వీరవనిత బోర్డు ముందు నిలబడుతుంది.

"మన ముత్తాతల కాలంలో ఫ్రాన్సులో ఒక కవి ఈ పద్యాలు రాశాడు. బూతులని కేసు పెట్టారు, జరిమానా వేశారు, కొన్ని పద్యాలు పీకేయమన్నారు. ఇప్పుడు ప్రపంచమంతా చదువుతోంది. నిజం రాయాలన్నా చదవాలన్నా గుండె కావాలి పిల్లలూ!" అని గుండె మీద చెయ్యి కూడా వేసుకుంటాను. నా సోకు! పుంగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చిపోతూ, సీట్లో కాళ్ళు చాపుకున్నవాణ్ణి కాస్త జరగమనడానికి ధైర్యం లేక నిలబడి ప్రయాణం చేసే దాన్ని.

ఫ్రెంచి నాకు ఒక్క ముక్క రాదు. నా దగ్గరున్నది ఇంగ్లీషు అనువాదం. అట్ట మీద వీపు చూపిస్తూ కూర్చున్న ఒకావిడ బొమ్మ ఉంటుంది. క్లాసులో అందరూ నా ఉపన్యాసానికి ఆవలిస్తే, అనూష ఒక్కతే వచ్చి ఆ పుస్తకం అడిగింది. రామకుప్పం పక్క పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే పిల్ల. నా మాటలకు ఒక మనిషైనా పడిందని పొంగిపోయి, "ఉంచుకో, తొందరేం లేదు" అన్నాను.

దసరా సెలవుల తర్వాత ఆ పుస్తకం కాలేజీకి తిరిగొచ్చింది. అనూష చేతుల్లో కాదు, వాళ్ళ నాన్న రెడ్డెప్ప చంకలో.

ప్రిన్సిపాల్ గంగాధరం గారు నన్ను పిలిపించారు. నేను వెళ్ళేసరికి ఆ వీపు బొమ్మ టేబుల్ మీద వెల్లకిలా పడి ఉంది. గంగాధరం గారు దాని వైపు చూడకుండా ఉండడానికి సీలింగ్ ఫ్యాను చూస్తున్నారు. అనూష తలుపు దగ్గర తల వంచుకుని నిలబడింది.

"మా పాప దిండు కింద పెట్టుకోని సదవతాండాది మేడం," అన్నాడు రెడ్డెప్ప. గొంతు పెంచలేదు, అదే నాకు ఎక్కువ భయమేసింది. "మీరే ఇచ్చినారంట. ఏనుగులు తొక్కింది తొక్కంగా మిగిలిన రాగులమ్మి సదివిస్తా ఉండా. ఇట్లాంటివి సదివేదానికైతే కాలేజీ యాల? టీసీ ఇచ్చేయండి, పిలుసుకోని పోతా."

అనూష తలెత్తి నా వైపు చూసింది. నిజం రాయాలన్నా చదవాలన్నా గుండె కావాలన్న మేడం ఏం చెబుతుందో అని.

మేడం గుండె అప్పటికే అరికాళ్ళలోకి జారిపోయింది.

"అప్పా, ఇది భక్తి పుస్తకం," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నేనే అటూ ఇటూ చూశాను. గంగాధరం గారు ఫ్యాను వదిలి నన్ను చూశారు. వచ్చిన మాటను మళ్ళీ మింగలేను కదా. పుస్తకం తెరిచి, పిల్ల పెన్సిలుతో గీత గీసుకున్న పద్యం తీశాను. వానలో ఒకావిడ గుమ్మం ముందు మెట్ల మీద కూర్చుని, ఆవిడ తలుపు తీయదా అని ఎదురుచూసే వాడి పద్యం అది.

చిన్నప్పటి నుంచి హరికథలు విన్నదాన్ని. శృంగారం ఎక్కడొచ్చినా జీవాత్మ పరమాత్మ కోసం తపిస్తోందని భాగవతార్లు ఎలా దాటిస్తారో నాకు కంఠతా వచ్చు. అదే అందుకున్నాను. మెట్లేమో గుడి మెట్లయ్యాయి. తలుపు గర్భగుడి తలుపు. ఆవిడ అమ్మవారు. వాడు తాగిన సారా తీర్థం. ఆవిడ పాదాల గురించి ఆ మహానుభావుడు రాసిందంతా పాదసేవ కింద జమ చేసేశాను.

"మరి ఈ బొమ్మ?" అన్నాడు రెడ్డెప్ప.

"ప్రపంచానికి వీపు తిప్పింది అప్పా. వైరాగ్యం."

గంగాధరం గారికి దగ్గొచ్చింది. రెడ్డెప్ప మాత్రం పుస్తకాన్ని రెండు చేతులా తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. "తెలీక అనేసినా తల్లీ," అని నాకు దండం పెట్టి, పుస్తకాన్ని భద్రంగా తనతో ఇంటికి తీసుకెళ్ళాడు. పిల్ల చదువు నిలిచింది. ఇంటికొచ్చి మా ఆయన యువరాజుకు చెబితే, "నువ్వు కాలేజీలో ఉండాల్సిందానివి కాదు, భజన మండలిలో ఉండాల్సిందానివి," అని అన్నం తింటూ పొలమారేదాకా నవ్వాడు.

అంతటితో పోయి ఉంటే నా అంత తెలివైంది లేదని తిరిగేదాన్ని. ఎండాకాలంలో రెడ్డెప్ప ఫోన్ చేశాడు.

"మేడం, మా ఊర్లో భారతం పెట్టినాం. నేను కమిటీలో ఉండా. ఫారిన్‌లో గూడా ఒక భక్తుడు ఉండాడని భాగవతార్‌కు చెప్తే ఆశ్చర్యపోయినాడు. కథకు ముందు మా పాప ఆ పద్యం చెప్తాది. మీకు సన్మానం."

భారతం పెట్టారంటే మా వైపు ఊరికి ఊరు పందిట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం. రానని చెప్పడానికి కూడా గుండె కావాలి. కాబట్టి వెళ్ళాను. కుప్పంలో బస్సు దిగితే రెడ్డెప్పే బండి మీద ఇంటికి తీసుకెళ్ళాడు.

దేవుడి గూట్లో వెంకటేశ్వరస్వామి పక్కన నా పుస్తకం ఉంది. వీపావిడకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, పైన మల్లెపూలు వేశారు. ముందు దీపం వెలుగుతోంది.

"ముట్టుకోనీడు మేడం," అంది అనూష, వాళ్ళ నాన్న పందిరి దగ్గరికి వెళ్ళాక. "మైల తగులుతుందంట. చదవడానికి నాకు పుస్తకమే లేకుండా చేసినారు మీరు."

"నీ చదువు నిలబెట్టాను కదమ్మా."

"అది సరే. ఇప్పుడు ఊరందరి ముందర ఆ అబద్ధం నన్ను చెప్పమంటా ఉండారు. ఆయన దేవుడి కోసం కూర్చోలేదు మేడం. మనిషి కోసం కూర్చున్నాడు. నాకు నచ్చింది అదే."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. అయినా ఏమన్నానో తెలుసా? "ఈ ఒక్కరోజు చెప్పేయ్ పాపా. మీ నాయినకు నిజం తెలిస్తే కాలేజీ మానిపించేస్తాడు." అనూష నన్ను అలా చూసింది, అంతే. ఇంకోసారి అలా చూడకపోతే బాగుండని ఇప్పటికీ అనుకుంటాను.

పందిట్లో నన్ను కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. ఆ ఎండలో ఊలు శాలువా. మెడలో చెమట కాలువలు కడుతుంటే, ఫారిన్ భక్తుణ్ణి మన ఊరికి పరిచయం చేసిన తల్లి అని మైకులో నన్ను పొగిడారు. నేను వినయంగా తల కూడా ఊపాను.

అనూష మైకు ముందుకొచ్చింది. పుస్తకం గూట్లోంచి తెచ్చి చేతికిచ్చారు కానీ దాన్ని తెరవలేదు.

"వాన పడతా ఉండాది. నీ మెట్ల మీద నేనొక్కడినే ఉండాను.
నీ ఇంట్లో దీపం ఉండాది. ఆ దీపం నాకోసరం కాదు.
పొమ్మంటే పోతాను. తప్పయిందని మటుకు చెప్పను.
నిన్ను కోరుకున్నందుకు నేను ఎవురికీ మొక్కను."

ఊరి మాటల్లో, తడుముకోకుండా చెప్పింది. ఇంగ్లీషులో నేను ఎన్నోసార్లు చదివిన పద్యమే. నాకు ఒళ్ళు జలదరించింది. వెంటనే నా కళ్ళు రెడ్డెప్ప కోసం వెతికాయి.

ముందు వరుసలో చాప మీద కూర్చున్న అవ్వ ఒకామె, "అయ్యో పాపం, తడస్తా కూసోని ఉండాడే. ఆయమ్మ తలుపు తీసిందా?" అంది.

"తీయలేదవ్వా."

"తీయకపాయెనా! రాతి గుండె," అని అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

రెడ్డెప్ప పందిరి గుంజ దగ్గర్నుంచి నా కుర్చీ పక్కకు వచ్చాడు. "మేడం, దీంట్లో దేవుడు యాడ వచ్చినాడు?"

నోరు తెరిచాను. ఆఖరి చరణంలో వస్తాడప్పా అనడానికి నాలుక సిద్ధంగానే ఉంది. సిగ్గులేని నాలుక!

"దేవుడు లేడు నాయినా," అంది అనూష, మైకులోనే. "వాడికి ఆయమ్మంటే ఇష్టం. అంతే."

కుర్చీ కిందికి దూరిపోదామనిపించింది. పిల్ల చదువు అయిపోయిందనుకున్నాను. రెడ్డెప్ప కూతుర్ని చూశాడు, పసుపు పూసిన పుస్తకాన్ని చూశాడు. "దినామూ దీపం పెడితినే దీనికి!" అన్నాడు. పందిట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు.

"దిండు కింద దాసిపెట్టుకుంటే ఏందోలే అనుకుంటి," అన్నాడు కూతురితో. "ఊరందరికీ సదివినంక ఇంగేముండాది దాసేదానికి? నీ పుస్తకం నువ్వే పెట్టుకో. కాలేజీ తెరస్తానే పో." తర్వాత నా వైపు తిరిగాడు. "మేడం, ఆ పొద్దు మీరు నిజం చెప్పుంటే నాకు కోపం వచ్చేది. అంతే గదా?"

అంతే. అంతకు మించి ఏమీ లేదు. ఆ "అంతే" కోసం నేను కోర్టుకెక్కిన కవిని గుడెక్కించాను.

"ఇంగో మాట, ఏమీ అనుకోవద్దండి," అన్నాడు రెడ్డెప్ప మొహమాటంగా. "కమిటీ తెచ్చింది ఒక్క శాలువానే. పాపకు గూడా కప్పితే బాగుంటాది."

లేచి, నా భుజాల మీది శాలువా తీసి అనూషకు కప్పాను. నా చెమటకు తడిసి ఉంది, అయినా ఆ పిల్ల సర్దుకుని కప్పుకుంది. "ఇంగోటి సెప్పు పాపా," అని అవ్వ కేకేసింది. అనూష పుస్తకం తెరిచి పేజీలు తిప్పుతుంటే నేను కుర్చీ వదిలి వెళ్ళి అవ్వ పక్కన చాప మీద కూర్చున్నాను.