శనివారం సంగీతం

ద్వారకానాథ్ ఎవరినీ క్షమించిన మనిషి కాదు. పొలం గట్టు జరిపాడని పెదనాన్న చావుకి వెళ్ళలేదు. పెళ్ళిలో మర్యాద తక్కువైందని బావమరిదితో ఈరోజుకీ మాటల్లేవు. ఊరు వదిలి సిడ్నీ వచ్చాడు, రైల్వే సిగ్నళ్ళ ఇంజనీరయ్యాడు, ద పాండ్స్ అనే పేటలో మేడ కట్టుకున్నాడు. ఆ గుణం మాత్రం అతనితోపాటే విమానం దిగింది.

అలాంటివాడు ఒక ఆదివారం ఉదయం కూతురి గది తలుపు తట్టాడు.

"స్కూలు సెలవుల్లో గోల్డ్ కోస్ట్ పోదామా?"

భార్య శేషుకుమారి సంవత్సరీకం అయిపోయింది. లాస్యకి పదిహేనేళ్ళు. తల్లి పోయిన దగ్గర్నుంచీ ఆ పిల్ల తండ్రితో మాట్లాడేది అన్నం గురించీ స్కూలు గురించీ అంతే. ఒకే ఇంట్లో అద్దెకున్న ఇద్దరు మనుషుల్లా తిరుగుతున్నారు. నాలుగు రోజులు ఊరుగాని ఊళ్ళో ఒకచోట ఉంటే పిల్ల నోరు విప్పుతుందేమోనని అతని ఆశ. అంతకు మించి ఆ ప్రయాణంతో అతనికి పనిలేదు. ఎత్తులంటే భయం, ఇసకంటే చిరాకు.

"మనిద్దరమేనా?"

"ఇద్దరమే."

లాస్య కాసేపు అతని మొహంలోకి చూసింది. "ఓకే. బట్ ప్లాన్ నేను చేస్తా. నువ్వు చేస్తే తెల్లారకుండా లేపి గుళ్ళకి తిప్పుతావు."

ఉప్మా ప్లేట్లు పక్కకి జరిపి డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకున్నారు. ఉప్మాకి పిల్ల వంక పెట్టలేదు. అదే శుభశకునం అనుకున్నాడు.

"ఫస్ట్ డే థీమ్ పార్క్. ఇదిగో, ఈ రోలర్ కోస్టర్ చూడు. వెనక్కి వెళ్తుంది."

"వెనక్కెందుకే? ఎటు పోతున్నామో కనపడొద్దూ?"

"దట్స్ ద పాయింట్, నాన్నా! నువ్వూ ఎక్కాలి."

"నేను కింద నిలబడి బ్యాగులు చూసుకుంటా."

"ఇండియన్ డాడ్స్ అందరూ అంతే. కోట్ స్టాండ్‌లా నించుంటారు."

అతను నవ్వాడు. తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది.

"పులిహోర కలిపి పట్టుకెళ్దాం. అక్కడ చిప్స్ తప్ప ఏం దొరకదు."

"నో! అక్కడ పులిహోర డబ్బా తీశావంటే నువ్వెవరో నాకు తెలీదని చెప్తా."

"చెప్పు. ముక్కు చూసి ఎవరైనా పట్టేస్తారు."

ఇంత వరసగా ఇద్దరూ మాట్లాడుకుని ఎన్నాళ్ళయిందో. లాస్య కుర్చీ దగ్గరికి లాక్కుంది. "సెకండ్ డే ఫుల్లుగా బీచ్. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా."

"బీచ్ సరే. నీళ్ళలోకి మాత్రం దిగొద్దు. పాదాలు తడుపుకుని వచ్చెయ్. నీకు ఈత రాదు."

కీబోర్డు మీద పిల్ల చెయ్యి ఆగింది.

ఈత రాదని అతనికి గట్టిగా తెలుసు, మాన్పించింది తనే గనక. లాస్య పెద్దమనిషైన ఏడు కమ్యూనిటీ హాల్లో ఓణీల ఫంక్షన్ చేశారు. నెల తిరక్కుండానే స్కూల్లో ఈత పోటీలు. చూద్దామని వెళ్ళిన ద్వారకానాథ్‌కి ఈత బట్టల్లో కూతురు, గట్టు మీద తనకి తెలిసిన నలుగురు తెలుగువాళ్ళు కనపడ్డారు. పిల్లకి టవల్ చుట్టి, పోటీ మధ్యలోంచే ఇంటికి లాక్కొచ్చాడు. చిన్నప్పుడు నడుముకి ఎండు సొరకాయ బుర్రలు కట్టుకుని మోటబావిలో దూకి ఈత నేర్చినవాడే. అది మగపిల్లల సంగతి.

"చుట్టూ నీళ్ళున్న దేశమండీ. ఈత రాకపోతే ప్రాణం మీదికొస్తుంది," అంది శేషుకుమారి.

"పరువు మీదికి రాకుండా ఉంటే చాలు," అన్నాడు. ఆపైన నెల రోజులు ఆవిడతో మాట్లాడలేదు. చివరికి ఆవిడే దిగొచ్చి, శనివారాలు పిల్లని రౌస్ హిల్‌లో సంగీతం క్లాసుకి తీసుకెళ్తానంది. తన మాట నెగ్గిందని అతను ఒప్పుకున్నాడు.

"నాకు వచ్చు," అంది లాస్య ఇప్పుడు. ఇంగ్లీషు ముక్క కలవకుండా, మెల్లగా.

"ఏం వచ్చు?"

"ఈత. అమ్మ తీసుకెళ్ళేది. సాటర్డేస్."

"శనివారం సంగీతం కదా?"

లాస్య తల దించుకుంది. పొద్దున్నుంచీ నాన్న నవ్వుతున్నాడని నమ్మి చెప్పింది పాపం.

అతనికి ఒక్కొక్కటే గుర్తొచ్చింది. శనివారం మధ్యాహ్నాలు పిల్ల జుట్టు తడిగా ఉండేది. తలంటుకుందనేది తల్లి. జడ కొసలు రాగిరంగు తిరిగితే షాంపూని తిట్టాడు. ఉగాదికి నలుగురిలో ఎవరో పిల్లని పాడమంటే గొంతు బాగాలేదంది శేషుకుమారి. కార్లో వస్తూ "ఇన్నేళ్ళు పోసిన జీతానికి ఒక్క కీర్తనైనా రాలేదు నీ కూతురికి" అని దెప్పాడు. ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నవ్వాపుకుందని ఇప్పుడు తెలిసింది.

"తల్లీకూతుళ్ళు కలిసి నన్ను వెధవని చేశారన్నమాట."

"నాన్నా, షీ వాంటెడ్ టు టెల్ యూ..."

"చచ్చి తప్పించుకుంది. బతికుంటే అడిగేవాణ్ణి."

లాస్య ల్యాప్‌టాప్ మూసింది. విసురుగా కాదు, నిద్రపోతున్నవాళ్ళున్న ఇంట్లో తలుపు మూసినట్టు మూసింది. ప్లేట్లు సింకులో పెట్టి పైకి వెళ్ళిపోయింది.

అతను మౌనం పట్టాడు. శేషుకుమారి మీద జీవితమంతా వాడిన ఆయుధం అది. ఎప్పుడూ గురి తప్పలేదు. మామూలుగా మూడో రోజుకో నాలుగో రోజుకో ఆవిడే కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చి నిలబడేది. పిల్ల రాలేదు. తన కాఫీ తాను కలుపుకుంది, తన బట్టలు తాను ఉతుక్కుంది. మాట్లాడకపోవడం అతని కూతురికి ఒకరు నేర్పాలా?

వారం చివర అతనే తీర్పు చెప్పాడు. "థీమ్ పార్కు వరకు పోదాం. బీచ్ లేదు."

"దెన్ ఇట్స్ ఫైన్, నాన్నా. సింధు వాళ్ళు వెళ్తున్నారు. నేను వాళ్ళతో వెళ్తా."

సింధుజ లాస్య క్లాస్‌మేటు. ఆ పిల్ల తల్లి శ్యామసుందరి, శేషుకుమారి ప్రాణస్నేహితురాలు. ద్వారకానాథ్ ఫోన్ తీసి ఆవిడకే చేశాడు.

"ఆ సంగీతం సంగతి మీకూ తెలుసా?"

"తెలుసు అన్నయ్యగారూ. శేషుకి ఒంట్లో బాగోని రోజుల్లో నేనే దింపేదాన్ని."

"అందరూ కలిసి నాటకమాడారు."

"ఆడాం. నిజం చెప్తే ఏం చేసేవారు మీరు? మాన్పించేవారు, దానితో నెలా, మాతో ఏడాదీ మాట మానేసేవారు. ఆ పిచ్చిది మాత్రం మీకు చెప్పాలనే ఏడ్చేది. ఓ శనివారం రమ్మని మిమ్మల్ని పిలిచిందట కూడా. పిల్ల ఈదుతుంటే చూస్తే ఆయనే కరుగుతాడే, వాళ్ళ ఊళ్ళో ఆయన పెద్ద ఈతగాడట అనేది."

అతను ఫోన్ పెట్టేశాడు.

పిలిచింది. నిజమే. మొదటిసారి ఆస్పత్రి నుంచి తిరిగొచ్చిన రోజులవి. పలచబడిన జుట్టుకి స్కార్ఫ్ కట్టుకుంటూ, "ఈ శనివారం మీరూ రాకూడదూ? పిల్ల ఎంత బాగా చేస్తోందో చూద్దురుగాని," అంది. పాడుతోందో అనలేదు, చేస్తోందో అంది. అతను పేపర్లోంచి తలెత్తకుండా "ఆ అరుపులు నేనేం వింటాను, మీరే పోండి" అన్నాడు. ఆవిడ స్కార్ఫ్ ముడి వేసుకుని, కారు తాళాలు తీసుకుని వెళ్ళింది. మళ్ళీ పిలవలేదు. అది గుర్తొచ్చాక ఆవిడని తప్పుపట్టే పని అయిపోయింది. మిగిలినవాడు ఒక్కడే, వాణ్ణి క్షమించే అలవాటు ద్వారకానాథ్‌కి అసలే లేదు.

సెలవులు మొదలైన ఉదయం లాస్యని సింధుజ వాళ్ళింటి దగ్గర దింపాడు. సింధుజ తండ్రి గోపాలరావు ఏడు సీట్ల బండి డిక్కీలో రైస్ కుక్కర్ ఇరికిస్తున్నాడు.

"రండి సార్, మీరూ ఎక్కేయండి! ఓ సీటు ఖాళీగానే ఉంది. టికెట్ ఎయిర్‌పోర్టులో చూసుకుందాం. బట్టలంటారా, నా లుంగీ ఇస్తా."

లాస్య సూట్‌కేసు హ్యాండిల్ పట్టుకుని తండ్రి వైపు చూసింది. రమ్మని కాదు, వద్దనీ కాదు. వస్తాననడానికి ఒక్క మాట చాలు.

"ఆఫీసుంది," అన్నాడు.

పోనీ, చెప్పాల్సిన మాట ఇంకోటుంది. కాపలావాళ్ళు పాతిన జెండాల మధ్యే ఈదమ్మా, అలలు లాగితే కంగారు పడకు అని చెప్పాలని దారంతా కూడబలుక్కున్నాడు. అది చెబితే ఒప్పుకున్నట్టే. పిల్లకీ తెలుస్తుంది.

"చార్జరు పెట్టుకున్నావా?" అన్నాడు.

"యా. బై, నాన్నా."

ఆఫీసు లేదు. సెలవు ముందే పెట్టాడు. ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చున్నాడు.

మొదటి రోజు ఫోటోలు వచ్చాయి. రోలర్ కోస్టర్ దగ్గర లాస్య, సింధుజ, నాలికలు బయటపెట్టి. కింద బ్యాగులన్నీ మెడలో వేసుకుని గోపాలరావు. దానికింద "అంకుల్ ఈజ్ కోట్ స్టాండ్" అని లాస్య రాసింది. ఆ ఫోటోని ద్వారకానాథ్ వేళ్ళతో పెద్దది చేసి, ఆ బ్యాగుల్లో కూతురిది ఏదో వెతికాడు.

రెండో రోజు మధ్యాహ్నం దాకా ఏమీ రాలేదు. ఒంటరిగా పెరుగన్నం తింటుంటే ఫోన్ మోగింది. నాలుగైదు తెలుగు కుటుంబాలున్న గ్రూపులో గోపాలరావు ఫోటో పెట్టాడు. ఎండ మిలమిలలాడుతోంది. వెనక ఎర్రా పసుపూ జెండా. నడుము లోతు అలలోంచి లాస్య లేచి వస్తోంది. జుట్టు నెత్తికి అతుక్కుపోయింది, చేతులు రెండూ బార్లా చాపింది, నోరు పెద్దగా తెరిచి ఎవరినో పిలుస్తోంది. ఆ పిల్ల అంత నోరు తెరవగా అతను ఏళ్ళుగా చూడలేదు.

ఎడం చేత్తో పెద్దది చేయబోయేలోగా ఫోటో పోయింది. ఆ జాగాలో, ఈ సందేశం తొలగించారు అని మిగిలింది. "మతి ఉందా మీకు? ఆ గ్రూపులో ఆయన లేడూ!" అని శ్యామసుందరి మొగుడి చేతిలో ఫోన్ లాక్కుని ఉంటుంది. అతనికి వినిపించినట్టే ఉంది.

చెయ్యి కడుక్కొచ్చి కూతురికి రాశాడు. "బీచ్ ఎలా ఉంది?"

పైన రాస్తున్నట్టు చుక్కలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి.

"బీచ్‌కి వెళ్ళలేదు నాన్నా. టూ విండీ. మాల్‌లో ఉన్నాం."

వెనకే ఇంకోటి. "తిన్నావా?"

'ఫోటో చూశాను, ఇంకోసారి పంపు' అని టైప్ చేశాడు. చదువుకున్నాడు. అది చూసి పిల్ల మొహం ఎలా మారుతుందో ఆలోచించాడు. వెంటనే నీళ్ళలోంచి బయటికొచ్చి, తల తుడుచుకుని, నిజంగానే మాల్‌కి పోతుంది.

ఒక్కో అక్షరం చెరిపేశాడు.

"తిన్నాను," అని రాశాడు. "గాలిలో తిరక్కండి. నెమ్మదిగా, చీకటి పడ్డాకే రూముకి రండి. తొందరేం లేదు."