ఆనికా ఇచ్చిన మాట

పదకొండేళ్లుగా హార్లన్ వీన్‌స్ట్రాది ఒకటే సందేహం. ఆ వసంతంలో తాను కొడుకును వాడిచ్చిన మాటకు కట్టి ఉంచకపోతే, దేవుడు తనను తప్పు పట్టి ఉండేవాడా? రోజూ భోజనం ముందు ప్రార్థనలో అడుగుతూనే ఉన్నాడు. జవాబు మాత్రం రాలేదు. పెరట్లో కూతురు విసిరిన ఇనుపగుండు ధబ్బున నేలలో దిగేది. పెద్దవాడు బ్రెంట్ కుస్తీ చాప మీద పడ్డట్టే ఉండేది ఆ చప్పుడు. హార్లన్ చేతిలో చెంచా ఆగిపోయేది.

ఆనికాకు పద్దెనిమిదేళ్లు. గుండు విసరడంలో అయోవా రాష్ట్రానికి మూడోది. ఆకులు రాలే కాలంలో పక్క రాష్ట్రపు కాలేజీ కోచ్ వచ్చి, వాళ్ల వంటింట్లో కూర్చుని, తల్లి కొరీన్ చేసిన ఆపిల్ పిండివంట రెండు ముక్కలు తిని, డబ్బు సంగతి తాము చూసుకుంటామన్నాడు. కాగితం మీద రాసిమ్మని ఎవరూ అడగలేదు. ఒక మనిషి మాట ఇచ్చాక కాగితం అడగడమంటే, ఆ ఊళ్లో, అతన్ని అబద్ధాలకోరు అన్నట్టే. ఆనికా కూడా వస్తానని మాట ఇచ్చింది. ఆదివారం పాస్టర్ చర్చిలో అందరికీ చెప్పాడు. ఆడవాళ్లు కాలేజీ రంగులైన ఆకుపచ్చా తెలుపూ గుడ్డముక్కలు కలిపి ఆ పిల్లకు దుప్పటి కుట్టడం మొదలుపెట్టారు.

మార్చిలో కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. సాయం అంటూ పెద్దగా వేసిన అంకెలో సగం అప్పే. అది తీసేస్తే ఫీజుకు ఏటా పద్నాలుగు వేల డాలర్లు తక్కువ. కొరీన్ ఫోన్ చేస్తే కోచ్ నొచ్చుకున్నాడు. తమది ఆటకు డబ్బిచ్చే కాలేజీ కాదనీ, చూసుకుంటామన్నది సాయం కోసం పెట్టే దరఖాస్తు సంగతేననీ చెప్పాడు.

ఆనికా మాత్రం వెనక్కి తగ్గనంది. పందుల షెడ్డులో రాత్రిపని వెతుక్కుంటానంది.

"దుప్పటి సగం అయిపోయింది. ఇప్పుడు మానేస్తే అది కుడుతున్న డైక్‌స్ట్రా అమ్మమ్మ నన్ను అందులోనే చుట్టి పాతిపెడుతుంది" అని నవ్వబోయి, తల్లి ముఖం చూసి ఆగిపోయింది.

కొరీన్ తుడిచిన గిన్నెనే మళ్లీ తుడుస్తోంది. "ఇంకోసారి నావల్ల కాదు, హార్లన్" అంది.

అప్పట్లో బ్రెంట్‌కీ అచ్చం ఇలాంటి ఉత్తరమే వచ్చింది. మాట ఇచ్చావు, వెళ్లు అన్నాడు హార్లన్. వాడు వెళ్లాడు. పగలు చదువు, సాయంత్రం కుస్తీ, రాత్రి కోళ్ల ఫారంలో పని. రెండో చలికాలంలో పని నుంచి కారులో తిరిగొస్తూ స్టీరింగు మీదే నిద్రపోయాడు. మళ్లీ లేవలేదు.

"ఎవరికిచ్చావు తల్లీ ఆ మాట?" అని అడిగాడు హార్లన్.

"కోచ్‌కి. ఇచ్చిన మాట దేవుడు వింటాడని చెప్పింది నువ్వే కదా నాన్నా."

"వింటాడు. పిల్లలు అలిసి తూగడం కూడా చూస్తాడు. రెంటిలో ఆయనకు ఏది ఎక్కువో నాకు తెలీదు. ఇన్నేళ్లూ తెలిసినట్టు మాట్లాడాను."

నలభై మైళ్ల దూరంలో రెండేళ్ల కాలేజీ ఉంది. ఇంట్లోనే ఉండి చదువుకోవచ్చు, అక్కడా గుండు విసరొచ్చు. ఆనికా బల్ల మీద గోరుతో గీసింది. కళ్లు తుడుచుకుని, అక్కడికే వెళతానంది.

"కానీ కోచ్‌తో నువ్వే చెప్పు నాన్నా. నాకు నోరు రాదు."

హార్లన్ లేచి ఫోన్ దగ్గరికి నడిచాడు. అప్పుడు బ్రెంట్ కూడా ఇదే అడిగాడు, ఇదే వంటింట్లో నిలబడి. మాట ఇచ్చిన నోటితోనే చెప్పుకో అన్నాడు తను. వాడు ఫోన్ కాసేపు పట్టుకుని, తిరిగి పెట్టేశాడు. ఆ సంగతి కొరీన్‌కు కూడా ఇంతవరకూ చెప్పలేదు.

నంబరు కలిపాడు. అవతల కోచ్ పలకరించాడు.

"వీన్‌స్ట్రాని మాట్లాడుతున్నానండీ. మావాడు రావడం లేదు" అన్నాడు హార్లన్.

కొరీన్ చేతిలో గుడ్డ ఆగిపోయింది. హార్లన్ మాట సరిదిద్దుకున్నాడు.

"మా అమ్మాయండీ. మా అమ్మాయి కూడా రావడం లేదు. నేనే పంపడం లేదు."