ఆయిల్ ముల్లు

మైలవరంలో మొక్కల నర్సరీ నడిపే శివపార్వతి పాత పికప్ ఒకటి తుక్కు దుకాణంలో కొని, రెండేళ్లు ఓపిగ్గా బాగుచేయించుకుంది. మీటర్లు మాత్రం పనిచేయడం లేదు. ఇంజన్ వేడి చూపే సెన్సారూ, ఆయిల్ ప్రెషర్ చూపే సెన్సారూ మార్చమని పటమటలో మెకానిక్ ఇశ్రాయేలుకు అప్పగించింది.

మధ్యాహ్నానికి రెండూ బిగించాడు. వేడి ముల్లు చక్కగా మధ్యలో నిలబడింది. ఆయిల్ ముల్లు సున్నా దగ్గరే వణుకుతోంది. ఆ సెన్సారు విప్పి, అక్కడ విడి గేజి పెట్టి చూస్తే అసలు ప్రెషర్ ఎంతుందో పది నిమిషాల్లో తేలిపోతుంది. కానీ అప్పటికే పని అయిపోయిందని చెప్పేశాడు. కాలుతున్న ఇంజన్ మీదకు మళ్లీ వంగబుద్ధి కాలేదు.

బండి తీసుకోడానికి వచ్చిన శివపార్వతి, ముల్లు ఎందుకు లేవడం లేదని అడిగింది.

"పాత మీటరుకి కొత్త సెన్సారు సరిగ్గా పడదండీ. పట్టించుకోకండి. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను," అన్నాడు.

ఆమె నమ్మి బయల్దేరింది. గంటన్నరకు ఫోను చేసింది. జి.కొండూరు దాటాక ఇంజన్ టకటకా కొట్టుకుని ఆగిపోయిందట. ఇశ్రాయేలు తన జీపులో వెళ్లాడు. ఆయిల్ నిండుగానే ఉంది. ఇంజన్ మాత్రం బిగుసుకుపోయింది.

"ముల్లు పూర్తిగా పడిపోయిందండీ. మీరు పట్టించుకోవద్దన్నారు కదా అని నడిపేశాను. శబ్దం వచ్చినప్పుడైనా ఆపాల్సింది. నాదే తప్పు," అందామె.

ఒక్క క్షణం ఇశ్రాయేలుకు మనసు తేలికపడింది. అలా తేలికపడినందుకు వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది.

"మీ తప్పు కాదండీ. ముల్లు నిజమే చూపించింది. ఆయిల్‌ని ఇంజన్‌లోకి తోసే పంపు పోయింది. నేను చూడాల్సింది. బద్ధకించి మీకు అబద్ధం చెప్పాను."

ఆమె బానెట్ మూసేసింది. తన చేత్తోనే బాగుచేసిస్తానని అతను బతిమాలాడు.

"మీ దగ్గర వద్దులెండి. ఆటోనగర్‌లో ఫిలిప్ గారి షెడ్డుకి చేర్చండి, చాలు," అంది.

తాడు కట్టి జీపుతో లాగాడు. వెనక పికప్‌లో స్టీరింగు పట్టుకుని ఆమె కూర్చుంది. దారంతా అతను అద్దం వైపు చూడలేకపోయాడు. షెడ్డులో ఫిలిప్ ఏమైందని అడిగితే, పనివాళ్లందరి ముందూ జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఫిలిప్ తల దించుకుని బానెట్ ఎత్తాడు.

శివపార్వతి ఆటో కోసం రోడ్డు మీదికి నడిచింది. బస్టాండులో దింపుతానని అనడానికి ఇశ్రాయేలుకు నోరు రాలేదు.