భావన సాక్ష్యం

అప్పీల్ కోర్టు తీర్పు వచ్చిన మధ్యాహ్నం వేణుమాధవ్ అమెరికాలోని ఐసెలిన్‌లో తాను పనిచేసే కిరాణా కొట్టులో పప్పు బస్తాలు దించుతున్నాడు. లాయర్ ఫోన్ చేసింది. కేసు మళ్ళీ విచారించమని ఫిలడెల్ఫియా జడ్జీలు వెనక్కి పంపారట.

"మీ భార్య వల్లే!" అందామె.

సొంత ఊళ్ళో విలేకరిగా ఉండి క్వారీల అక్రమాల మీద రాసినందుకు క్వారీ మనుషులు అతన్ని ఇంటి ముందే చావగొట్టారు. అమెరికా వచ్చి ఆశ్రయం అడిగితే, తేదీలు తడబడ్డాడని ఇమ్మిగ్రేషన్ జడ్జి నమ్మలేదు. అప్పీలు చేసుకుంటే పైబోర్డూ కాదంది. భార్య భావన చెప్పిన సాక్ష్యాన్ని ఆ జడ్జి పట్టించుకోనే లేదని ఇప్పుడు అప్పీల్ కోర్టు తప్పుపట్టింది.

"చెల్లెమ్మ గెలిపించిందయ్యా!" అని కొట్టు యజమాని తిరుపతయ్య అందరికీ స్వీట్లు పంచాడు. వేణుమాధవ్ నవ్వాడు గానీ స్వీటు ముట్టుకోలేదు. వార్త రాసింది తను. విరిగిన ఎముకలు తనవి. పేరు మాత్రం ఆమెకి.

ఇంటికెళ్ళేసరికి భావన ఫోన్‌లో లాయర్‌తో నవ్వుతూ మాట్లాడుతోంది.

"స్టార్ అయిపోయావుగా. ఇక కేస్ నీదే," అన్నాడు.

ఆమె ఫోన్ పెట్టేసింది. "మీకు కుళ్ళుగా ఉందా?"

"ఉంది. నన్ను అబద్ధాలకోరన్నారు. అదే కథ నువ్వు చెబితే నిజమైంది."

"తలమీద కొట్టారు, మీరు స్పృహ తప్పారు. నేను గుమ్మంలో నిలబడి మొత్తం చూశాను. మీకు గుర్తులేకపోవడం మీ అదృష్టం. నాకూ మర్చిపోవాలనే ఉంది. లాయర్ మర్చిపోనివ్వడం లేదు."

ఆమె చెప్పింది నిజమని అతనికీ తెలుసు. కానీ ఆ కుళ్ళు పోనూ లేదు.

కొత్త విచారణలో జడ్జి మళ్ళీ దాడి జరిగిన తేదీ అడిగింది. ఇంతకుముందు భయంతో నోటికొచ్చిందేదో చెప్పాడు. ఈసారి, "నాకు తెలీదండీ. నా భార్యకి తెలుసు," అన్నాడు. ఆ మాట అనడం దెబ్బలు తినడం కన్నా కష్టమనిపించింది.

భావన చెప్పింది. మధ్యలో ఏడ్చింది, నీళ్ళు తాగి మళ్ళీ చెప్పింది. ఆశ్రయం ఇస్తున్నట్టు జడ్జి ప్రకటించింది.

బయటికి రాగానే లాయర్ ముందు భావననే కౌగిలించుకుంది. వేణుమాధవ్‌కి మళ్ళీ చురుక్కుమంది. కారెక్కాక దాచుకోలేక చెప్పేశాడు.

"ఇంకా కుళ్ళుగానే ఉంది."

భావన కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "కుళ్ళుకోండి. ఎన్నేళ్ళైనా కుళ్ళుకోండి. మనల్నిక ఎవరూ పొమ్మనరు."