వంద శాతం దగ్గర ఆగిన డిస్కు

ఫిబ్రవరి 6, మంగళవారం మధ్యాహ్నం 2 గంటల 40 నిమిషాలకు డార్లా హూస్‌బీ ల్యాప్‌టాప్‌లోని హార్డ్ డిస్కు ఆగిపోయింది. అప్పుడు అది ఓరిన్ టోర్గర్సన్ రిపేరు దుకాణంలో బల్ల మీద ఉంది. ఉత్తర డకోటాలోని ఎల్డర్‌విక్‌లో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం అదొక్కటే. మంచు తోడే యంత్రాలు కూడా అక్కడే బాగుచేస్తారు.

ఆ డిస్కులో మూడు వీడియోలు ఉన్నాయి. డార్లా భర్త వెర్న్ సెప్టెంబరులో తొమ్మిది రోజుల వ్యవధిలో తన ఫోనుతో తీసినవి. సహకార సంఘం ధాన్యం గోదాములో అతను ఇరవై రెండేళ్లు పనిచేశాడు. గింజల్ని పైకి తోడే మర మీద, మనిషి అందులో పడకుండా ఉండాల్సిన ఇనుప జాలీ ఆ తొమ్మిది రోజులూ లేదని ఆ వీడియోల్లో కనిపిస్తుంది. ఒక ఆదివారం వాటిని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాడు. ఆ గురువారం అదే మరలో పడి చనిపోయాడు. జేబులో ఉన్న ఫోను కూడా అతనితోపాటే పోయింది.

ఆ రోజు పొద్దున జాలీ విప్పింది వెర్నే అని గోదాము యాజమాన్యం రాసిచ్చింది. అతని మరణం మీద విచారణ ఫిబ్రవరి 8, గురువారం పది గంటలకు. డార్లా వకీలును పెట్టుకోలేదు. వీడియోల సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. గోదాము మేనేజరు డేల్ టోర్గర్సన్ ఓరిన్‌కు అన్న.

క్రిస్మస్ నుంచి ల్యాప్‌టాప్ నెమ్మదించింది. వీడియోలను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించబోతే తొమ్మిది గంటలు పడుతుందని చూపించి, రెండు శాతం దగ్గర ఆగింది. డార్లా మూడుసార్లు ప్రయత్నించింది. సోమవారం ఉదయం దాన్ని తువ్వాలులో చుట్టి ఓరిన్ దగ్గరికి తెచ్చింది.

“ఎంత నెమ్మది?” అని అడిగాడు ఓరిన్.

“బటన్ నొక్కి, కాఫీ పెట్టుకుని, తాగి, కప్పు కడిగి వస్తే అప్పుడు గుర్తుపడుతుంది నన్ను.”

“పొద్దున్నే మా డేల్ కూడా అంతే.”

డార్లా నవ్వలేదు.

“లోపల నీకు కావలసినవేమైనా ఉన్నాయా?”

“ఆ, ఏవో ఫొటోలు.”

“కాపీ ఉందా? లేదంటే ముందు నేను తీస్తాను. అది అయ్యాకే దీని మీద చెయ్యి వేస్తాను.”

కాపీ తీసేటప్పుడు అతను లోపలివన్నీ చూస్తాడని డార్లా అనుకుంది.

“ఉందిలే, తీసుకున్నాను,” అంది.

“ఎప్పటికి కావాలి?”

“తొందరేం లేదు. బుధవారానికి ఇస్తే చాలు.”

“తొందర లేదంటూనే గడువు పెడతావేం, డార్లా?”

ఓరిన్ ఒక కార్డు మీద ‘నెమ్మది. కాపీ ఉంది’ అని రాసి, రబ్బరు బ్యాండుతో ల్యాప్‌టాప్‌కు తగిలించాడు.

మంగళవారం ఉదయం పదిన్నరకు పని మొదలుపెట్టాడు. మిషను తెరుచుకోవడానికి పదిహేడు నిమిషాలు పట్టింది. ప్రాసెసర్ మీద భారం నాలుగు శాతం. డిస్కు మాత్రం వంద శాతం పనిలో ఉన్నట్టు చూపించింది. ఫైళ్లను వెతికిపెట్టే సర్వీసును ఆపాడు. తనంతట తానే నడుస్తున్న యాంటీవైరస్ తనిఖీని ఆపాడు. అప్‌డేట్లు ఆపాడు. డిస్కు వంద శాతం నుంచి దిగలేదు. డిస్కు అంత శ్రమపడి చదువుతున్నది సెకనుకు గుప్పెడు అక్షరాలే. అడిగిన ఒక్కోదానికి జవాబివ్వడానికి నాలుగు సెకన్లు తీసుకుంటోంది. తప్పు విండోస్‌ది కాదని, డిస్కులోనే కొంత భాగం పాడైందని అతను నిర్ణయించుకున్నాడు.

అలాంటి డిస్కును ముందు కాపీ తీస్తారు. ఆ తర్వాతే తనిఖీ పెడతారు. తనిఖీ మొదటి అంగుళం నుంచి చివరిదాకా చదివిస్తుంది, పోయే డిస్కు ఆ శ్రమకు తట్టుకోకపోవచ్చు. ఓరిన్ కార్డు చూశాడు. కాపీ ఉందని ఉంది. 12 గంటల 5 నిమిషాలకు పూర్తి తనిఖీ పెట్టాడు. పదహారు శాతం దగ్గర లోపల టిక్కుటిక్కుమని చప్పుడు వచ్చింది. కాసేపటికి చప్పుడూ ఆగింది.

ఫోను చేస్తే డార్లా పదకొండు నిమిషాల్లో వచ్చింది.

“డిస్కు పోయింది. ఎప్పట్నుంచో పోతూనే ఉంది పాపం. కొత్తది వేస్తాను, నీ కాపీ పట్రా, ఎక్కించిస్తాను.”

“కాపీ లేదు.”

“నిన్న ఉందన్నావుగా?”

“అన్నాను.”

“ఎందుకు అట్లా అన్నావ్?”

“వెర్న్ తీసిన వీడియోలు ఉన్నాయి అందులో. మర మీద జాలీ లేనివి. నువ్వు చూస్తే మీ అన్నకి చెప్తావనుకున్నా.”

ఓరిన్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“నేను కాపీ తీసేది డిస్కుని డిస్కులాగే, డార్లా. ఇటునుంచి అటు మొత్తం దింపేస్తాను. ఒక్క ఫైలు కూడా తెరవను. తెరవాల్సిన పనే లేదు.”

“నాకేం తెలుసు?”

“నేను చెప్పలేదు. అది నా తప్పే.”

“చెప్పినా నమ్మేదాన్ని కాదులే.” ఆమె బల్ల మీది డిస్కు వైపు చూసింది. “ఒకటి అడుగుతాను. చూసుంటే చెప్పేవాడివా డేల్‌కి?”

ఓరిన్ ఆ కార్డు తీసి మళ్లీ చదివాడు.

“తెలీదు,” అన్నాడు.

ఆ సాయంత్రమే డిస్కును మినియాపొలిస్‌లోని ఒక ల్యాబుకు పంపారు. డార్లా అడిగిన మీదట విచారణ రెండు వారాలు వాయిదా పడింది. ఫిబ్రవరి 16న ల్యాబు నుంచి ఉత్తరం వచ్చింది. డిస్కులో చదివే ముల్లు విరిగి పలకల మీద గీసుకుపోయిందని, ఏ ఫైలునూ వెలికితీయలేకపోయామని అందులో ఉంది.

ఫిబ్రవరి 22న విచారణలో డార్లా తను చూసిన మూడు వీడియోల గురించి చెప్పింది. ఆ తొమ్మిది రోజుల్లో ఎప్పుడైనా గోదాములోకి వెళ్లి జాలీ లేదని స్వయంగా చూశారా అని విచారణాధికారి అడిగారు. వెళ్లలేదని చెప్పింది. తర్వాత ఓరిన్, ఎవరూ పిలవకుండానే వచ్చి, వాంగ్మూలం ఇస్తానన్నాడు. డేల్ రెండో వరసలో కూర్చుని ఉన్నాడు.

“ఆ వీడియోలు మీరు చూశారా?” అని విచారణాధికారి అడిగారు.

“లేదండి.”

“వాటి పేర్లైనా?”

“లేదు. ఆమె చెప్పింది, నేను నమ్ముతున్నాను. అంతే.”

“అది సాక్ష్యం కిందికి రాదు.”

“తెలుసండి. చెప్పాలనిపించింది.”

విచారణ 10 గంటల 50 నిమిషాలకు ముగిసింది. ఓరిన్ తన ట్రక్కులో డార్లాను ఇంటి దగ్గర దించాడు. నిర్ణయం మార్చి 11న టపాలో వచ్చింది. రెండో పేజీలో, ప్రమాదం జరిగిన రోజు ఉదయం జాలీ విప్పింది వెర్న్ హూస్‌బీ అని నమోదు చేశారు.