మోనా కూర్చున్న చోట

వరసగా పేర్చిన అట్టపెట్టెల పక్కన మోనాను నడిపిస్తూ, నాలుగో పెట్టె దగ్గర ఏసేపు ఒక్క క్షణం ఆగాడు. మోనా టక్కున కూర్చుంది. పేలుడు మందు నమూనా దాచింది అందులోనే. చుట్టూ నిలబడిన కానిస్టేబుళ్లు మెచ్చుకోలుగా తలలూపారు. ఏసేపు జేబులోంచి రబ్బరు బంతి తీసి విసిరాడు. పరీక్షలో నమూనా ఎందులో దాచారో కుక్కను నడిపించేవాడికి తెలియకూడదు. ఏసేపు మాత్రం పొద్దున్నే గోడ చాటు నుంచి చూసేశాడు.

కడప పోలీసు కుక్కల దళంలో అతనికి సొంత పేరంటూ మిగల్లేదు. అందరూ 'మోనా నాయన' అంటారు. వెక్కిరింతగా మొదలైన పిలుపే, కానీ అతనికి లోలోపల గర్వంగా ఉండేది. సన్నటి మనిషి, ప్యాంటు జారకుండా బెల్టుకు మేకుతో ఇంకో చిల్లు పొడుచుకున్నాడు. మోనా నల్ల లాబ్రడార్. మూతి దగ్గర నెరిసింది.

కిందటి వానాకాలంలో జ్వరమొచ్చి తగ్గాక దాని ముక్కు పనిచేయడం మానేసింది. ముక్కు పోయిన కుక్కను దళంలో ఉంచరు, ముసలి కుక్కల కేంద్రానికి తోలేస్తారు. ఆ సంగతి గుర్తొస్తే ఏసేపుకు ముద్ద దిగదు. అందుకే ఎవరికీ చెప్పలేదు. మోనా తెలివిగలది. అతను ఎక్కడ ఆగితే అక్కడ కూర్చోవాలని ఇట్టే పట్టేసింది. నిజంగానే ఎక్కడైనా బాంబు ఉంటే ఎట్లా అన్న భయం మాత్రం అతన్ని నిలవనివ్వడం లేదు. తనిఖీకి పోయినప్పుడల్లా కుక్కకంటే ముందు తానే వంగి చేత్తో తడుముతున్నాడు.

ఆ రోజు బస్టాండులోనూ అదే పని. బెంచీల కింద చూశాడు, చెత్తడబ్బాల్లో చెయ్యి పెట్టాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ప్రొద్దుటూరు బస్సు ఆగే చోట బూటు లేసు ఊడితే కట్టుకోవడానికి ఆగాడు.

మోనా కూర్చుంది. దాని ముందు ఒక చీర మూట ఉంది.

ఏసేపు నోరు తెరిచేలోపే విజిళ్లు మోగాయి. జనం చెప్పులు వదిలేసి పరుగెత్తారు. బాంబులు తీసేవాళ్లు వచ్చి మూట విప్పితే శనక్కాయలు, పసిబిడ్డకని చించిన పాత చీర గుడ్డలు, వాము సీసా బయటపడ్డాయి. మూట గురమ్మది. రాళ్ల గనిలో కూలికి పోయే మనిషి.

"గనిలో పనంటాండావు. మందు యాడ దాచినావో చెప్పు. కుక్క ఊరికే కూర్చోదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ భూపేష్.

"బండలు మోస్తా సామీ. మందు సంగతి నాకేం తెల్సు? మా పాప నొప్పులు పడతాండాదంట. బస్సు పోతాది సామీ."

"స్టేషన్‌కు పా. ఆడ మాట్లాడుకుందాం."

గురమ్మ నేల మీద చెల్లాచెదురైన కాయలు ఏరుకుంటోంది. మోనా మాత్రం తోకతో నేల ఊడుస్తూ ఏసేపు జేబు వైపే చూస్తోంది. చెప్పిన పని చేసింది మరి, బంతి రావాలి కదా. అతనికి ఏడుపొచ్చింది. నోరు మూసుకుంటే మోనా మిగులుతుంది. అవతల ఒక పిల్ల పురిట్లో తల్లి కోసం చూస్తోంది.

"సార్, ఆయమ్మను పంపియ్యండి. మోనా మందు వాసనకు కూర్చోలా. నేను ఆగితే కూర్చునింది."

"ఏందప్పా నువ్వనేది?"

"దానికి ముక్కు పోయి శానా దినాలైంది సార్. నేనే చెప్పలా."

భూపేష్ గురమ్మను పొమ్మని చెయ్యి ఊపాడు. గురమ్మ మూట బిగించుకుని కదులుతున్న బస్సెక్కింది.

ఏసేపు సంగతి తర్వాత తేలుస్తామన్నారు. మోనా కోసం సాయంత్రానికే వ్యాను వచ్చింది. డ్రైవరు ఎంత లాగినా అది కదల్లేదు. చివరికి ఏసేపే వ్యాన్లోకి ఎక్కి బోనులోకి పోయి ఆగాడు. మోనా వెనకే వచ్చి అతని కాళ్ల దగ్గర కూర్చుంది. అతను దిగి తలుపు వేశాడు.

వ్యాను గేటు దాటాక దాని గది ఊడ్చాలని వెళ్లాడు. ఎండ పడకుండా ఊచలకు కట్టిన గోనెపట్ట, తలతో తోసుకుని మోనా లోపలికి దూరే చోట పీచులు లేచి, చల్లగా ఉంటుందని మధ్యాహ్నం అతను పోసిన నీళ్లతో ఇంకా తడిగానే ఉంది.