మూత పడని కూజా

అక్క మ్యూజియం వెనక గదిలో పద్దెనిమిదేళ్ళుగా బొమ్మలు చేస్తోంది. పక్షి గుడ్లు, చేప దవడలు, తేనెపట్లు, ఏది చెప్పినా అచ్చుగుద్దినట్టు దించుతుంది. చెల్లెలిది కాళ్ళకు చక్రాలు కట్టుకుని తిరిగే ఉద్యోగం. ఒక పరిశోధన కేంద్రం తరఫున చిత్తడి నేలల్లో తిరిగి మొక్కల మీద వ్యాసాలు రాస్తుంది. అమ్మ ఫోన్ చేసిందంటే చాలు, చెల్లెలి కబుర్లే. "అది మళ్ళీ పేపర్లో పడిందే" అని అమ్మ మొదలుపెట్టిన రోజున అక్కకు తిన్నది ఒంటబట్టేది కాదు.

పురుగుల్ని తినే కూజా మొక్కను మనిషెత్తున చేయమని ఆ ఏడు మ్యూజియం అధికారి అడిగారు. అక్క రెండు నెలలు దాని మీదే పడి ఉంది. మీట నొక్కితే మూత టప్పున పడి ఈగ చిక్కేలా స్ప్రింగు కూడా అమర్చింది. టికెట్లిచ్చే ఆవిడ దగ్గర్నుంచి అందరూ వచ్చి, నొక్కి చూసి, ఆకాశానికెత్తేశారు. సరిగ్గా అప్పుడే చెల్లెలు వచ్చింది. తనూ ఒకసారి నొక్కింది.

"అక్కా, నిజం మొక్కకు మూత పడదే. అసలు కదలనే కదలదు."

మరి పురుగు ఎలా చిక్కుతుందని అధికారి ఆమెనే అడిగారు. ఇక చెల్లెలు చెప్పుకుంటూ పోయింది. ఎప్పుడూ నీళ్ళు నిలిచే ఆ మట్టిలో సత్తువ ఉండదట, అందుకే మొక్క పురుగుల్ని పట్టుకుంటుందట. కూజా అంచున తేనె, దాని కింద కాలు నిలవని నునుపు, ఇంకా కింద తలకిందులుగా మొలిచిన నూగు, అడుగున పురుగును కరిగించే నీరు. ఆ నీటిలో వాన పడకుండా పట్టిన గొడుగేనట ఆ మూత. అందరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. బొమ్మ వైపు చూసినవాళ్ళు లేరు. అక్కకు ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది. చిన్నప్పుడు దానికి ఆకుల పేర్లు నేర్పింది తనే కదా!

"నా కళ్ళతో చూస్తేగానీ నమ్మను" అంది.

సెలవు రోజున ఇద్దరూ మోకాళ్ళ దాకా బూట్లు తొడుక్కుని చిత్తడిలోకి దిగారు. చెల్లెలు గడ్డి దుబ్బు మీంచి దుబ్బు మీదికి పిట్టలా గెంతుకుంటూ పోతుంటే, అక్క అడుగడుక్కీ దిగబడింది. ఆ కాళ్ళను చూసి కూడా కుళ్ళుకుంది. మూత ఒక్కసారి పడితే చాలు దేవుడా అనుకుంటూ ఒక కూజా ముందు చతికిలబడింది.

చాలాసేపటికి ఎర్ర ఈనెల అంచు మీదికి చీమ వచ్చింది. తేనె నాకుతూ చుట్టూ తిరిగి, ఒక్క అడుగు లోపలికి వేసింది. జారింది. ఎక్కబోతే నూగు అడ్డం పడింది, మళ్ళీ జారింది. ఆ తర్వాత కనబడలేదు. మూత ఉన్నచోటే ఉంది. 'చూశావా' అని చెల్లెలు అనలేదు. అంటే పోయేది. అననందుకే అక్కకు ఇంకా మండింది.

మర్నాడు స్ప్రింగు ఊడబీకింది. కూజా లోపల తొమ్మిది పూతలు వార్నిష్ వేసి, పూత పూతకూ గరుకు కాగితంతో రుద్దింది. పూసలతో చేసిన చీమను ఎటు నుంచి వదిలినా జర్రున జారిపోయేదాకా వదల్లేదు.

పిల్లలకు మీటే బాగుండేదేమో అని అధికారి నసిగారు. మూత పడదని, తాను స్వయంగా చూశానని అక్క చెప్పింది. మీ చెల్లెలు చెప్పిందేగా అన్నారాయన. అక్క చేతిలోని గరుకు కాగితం పక్కన పెట్టింది. "అవునండీ, అదే ముందు చెప్పింది" అని ఒప్పుకుంది.

ఆ వారంలోనే చెల్లెలు మళ్ళీ వచ్చింది. చీమను ఐదారుసార్లు వదిలి చూసింది. లోపలికి చెయ్యి పెట్టి తడిమింది.

"ఇంత నునుపు ఎలా తెప్పించావక్కా? నాకూ నేర్పవా, మా కేంద్రంలో ఒకటి చేసుకుంటాను."

అక్క గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంది. చెల్లెలు తనను ఒకటి నేర్పమని అడిగి ఎన్నేళ్ళయిందో.

"చూద్దాంలే" అంది.

ఆ రోజు మాత్రం నేర్పలేదు.